పాడయ్యేది ఎవరి ఫోను?

(మా ఆటల గుంపు నెలవారీ కలయికలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? ఈ మైకు కాస్త గరగరమంటోంది. ఆటల్లో మంత్రాలొస్తే యంత్రాలు ఎందుకు మొరాయిస్తాయో చెప్పమని పిలిచి, చేతికి ఇలాంటి మైకు ఇచ్చారు. కావాలనే ఇచ్చారేమో మరి.

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆట ఒక్కసారైనా ఆడినవాళ్ళు చేతులెత్తండి. సగం మంది ఉన్నారు. సరే, మిగతా సగం కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు ఒక టేబుల్ చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర. ఒకరు మాత్రం గేమ్ మాస్టర్. శత్రువులూ ఆయనే, వానా ఆయనే, దారిలో కనిపించే టీకొట్టు యజమానీ ఆయనే. 'నేను తలుపు తంతాను' అని మీరంటారు. తలుపు విరిగిందా, కాలు విరిగిందా అన్నది పాచికలు తేలుస్తాయి. అంతే. చిన్నప్పుడు మిద్దె మీద దొంగా పోలీసు ఆడినదే, కాకపోతే 'నిన్ను కాల్చేశా', 'లేదు, నాకు తగల్లేదు' అని కొట్టుకోకుండా రూల్సు రాసుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. మాంత్రికుడు గదిలోకి రాగానే ట్యూబ్‌లైటు మిణుకుమిణుకుమంటుంది, ఫోను చచ్చిపోతుంది, బండి స్టార్టవదు. ఇలాంటి ఊహ ఆటల్లోకి రాకముందే జనంలో ఉంది, తెలుసా?

వోల్ఫ్‌గాంగ్ పౌలీ అని ఒక భౌతిక శాస్త్రవేత్త ఉండేవాడు. 1945లో నోబెల్ వచ్చింది. లెక్కల్లో గండర గండడు. కానీ ఆయన ప్రయోగశాలలో అడుగుపెడితే అక్కడ ఏదో ఒకటి పగిలేదని తోటి శాస్త్రవేత్తలు చెప్పుకునేవాళ్ళు. దానికి 'పౌలీ ఎఫెక్ట్' అని పేరు కూడా పెట్టారు. హాంబర్గులో ఒట్టో స్టెర్న్ అయితే ఆయన్ని తన ల్యాబు గడప తొక్కనిచ్చేవాడు కాదట. గట్టింగెన్లో ఒకసారి జేమ్స్ ఫ్రాంక్ ల్యాబులో ఏ కారణమూ లేకుండా ఒక పరికరం పాడైంది. 'ఈసారి పౌలీ ఊళ్ళో లేడు, ఆయన్నేమీ అనలేం' అని నవ్వుకున్నారు. తర్వాత తెలిసిందేమిటంటే, సరిగ్గా ఆ వేళకే ఆయన కోపెన్‌హాగెన్ వెళ్తున్న రైలు గట్టింగెన్ స్టేషన్లో కాసేపు ఆగిందట! నిజమో పిట్టకథో నేను చెప్పను. కథగా మాత్రం భలే ఉంది కదా? రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం వాళ్ళూ ఇంతే. ఇంజను ఎందుకాగిందో తెలియకపోతే 'గ్రెమ్లిన్లు' అనే బుల్లి దయ్యాల మీదకు తోసేవాళ్ళు. యంత్రం ఎందుకు ఆగిందో తెలియనప్పుడు మనిషికి ఎవరో ఒకరు దొరకాలి.

అయితే ఆటకు ఈ రూలు ఎందుకు? ముచ్చట కోసమా? కాదండీ. అవసరం కోసం. ఈ కాలంలో జరిగే ఏ మిస్టరీ కథనైనా చంపేసేది సెల్‌ఫోను. పాత బంగళాలో ఒంటరిగా చిక్కుకున్నారు అంటామా, వెంటనే ఒకరు 'లొకేషన్ షేర్ చేస్తా' అంటారు. దయ్యం ఎదురైంది అంటామా, 'వీడియో తీస్తా' అంటారు. ఒక్క వీడియో బయటికి పోతే, ప్రపంచానికి తెలియకుండా దాక్కున్న మాంత్రికుల సంఘం అంటూ ఇక మిగలదు. ఇది గేమ్ మాస్టర్ల పాలిట నిజమైన తలనొప్పి. మంత్రం దగ్గర ఫోను పని చేయదు అని ఒక్క రూలు రాస్తే చాలు, వీడియో లేదు, లొకేషన్ లేదు, మాంత్రికుడు ఒక ఫోన్ కాల్‌కి కూడా స్నేహితుడి మీద ఆధారపడాలి. ఆ ఆధారపడటం నాకు చాలా ఇష్టం. జట్టును కట్టి ఉంచేది అదే.

రూలు రాయడం తేలికే. రాశాక టేబుల్ దగ్గర ఏమవుతుందో చెప్తాను. ఇది నా ఘనకార్యమే, దాచుకోవడం ఎందుకు?

రెండేళ్ళ కింద హైదరాబాదులోనే కథ పెట్టి ఒక ఆట నడిపాను. మాంత్రికుడికి కోఠిలో పాత పుస్తకాల కొట్టు. ఇంకో అమ్మాయిది హ్యాకర్ పాత్ర, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో హాస్టల్లో ఉంటుంది. నేను పెట్టిన రూలు ఒక్క వాక్యం: ఎప్పుడు మంత్రం వేసినా పదడుగుల్లో ఉన్న ఎలక్ట్రానిక్ సామాను మొత్తం ఠప్. మొదటి ఆదివారం అందరం పడీ పడీ నవ్వుకున్నాం. ఫ్లైఓవరు మీద సిగ్నల్ లైట్లు పేలిపోయాయి, ఏటీఎం నోట్లు కక్కింది. రెండో ఆదివారం, ఆ అమ్మాయి గంటన్నర పాటు పాచికలు వేసి వేసి ఒక ఫైలు తాళం తీయబోతోంది. సరిగ్గా అప్పుడే మాంత్రికుడు పక్కగదిలో దీపం వెలిగించే మంత్రం వేశాడు. దీపం! లైటరు ఉంటే సరిపోయే పని! ల్యాప్‌టాప్ మాడిపోయింది. మూడో ఆదివారం, తన పాత్ర దాచుకున్న డబ్బంతా పెట్టి డ్రోను కొంది. అది పైకి లేచిన రెండు నిమిషాలకే కింద పడింది.

నాలుగో వారం చూస్తే ఆ అమ్మాయి టేబుల్ కింద ఫోను పట్టుకుని రీల్స్ చూసుకుంటోంది. అసలు ఫోను మాత్రం బ్రహ్మాండంగా పని చేస్తోంది! ఏమైందమ్మా అని అడిగితే తలెత్తి ఒకే మాట అంది: "అన్నా, మంత్రం వాడిది, నష్టం నాదా?"

వాడికి మంత్రం ఫ్రీ. తనకు ల్యాప్‌టాప్ అరవై వేలు. చూశారా? మంత్రానికి వెల ఉండాలని నేను రూలు పెట్టాను. ఆ వెల పక్కవాడి జేబులోంచి పోతోందని నాకు తట్టనే లేదు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. పాడయ్యేది ఎవరి వస్తువు? బిల్లు ఎవరికి వస్తోంది?

ఆ ప్రశ్న పట్టుకుని ఇంటికెళ్ళి నా దగ్గరున్న రూల్ పుస్తకాలన్నీ మళ్ళీ తిరగేశాను. ఒక్కో ఆట ఒక్కో దారి పట్టింది.

షాడోరన్ ఉంది. 1989 నాటి ఆట. మంత్రాలూ కంప్యూటర్లూ ఒకే నగరంలో ఉంటాయి. అందులో ప్రతి మనిషికీ 'ఎసెన్స్' అని ఒక అంకె, మామూలుగా 6. ఇనుప చెయ్యి పెట్టించుకుంటే అది తగ్గుతుంది. మెదడులో చిప్ పెట్టించుకుంటే ఇంకా తగ్గుతుంది. మాంత్రికుడైతే దాంతోపాటు మంత్రశక్తీ పడిపోతుంది. ఆరూ కరిగి సున్నాకొచ్చాయంటే మనిషే ఉండడు. అంటే మంత్రానికీ యంత్రానికీ తగువుంది, కానీ ఆ తగువు నీ ఒంట్లోనే జరుగుతుంది. పక్కవాడి ల్యాప్‌టాప్‌కి ఏమీ కాదు. బిల్లు నీకే.

అదే ఆటలో ఇంకో చిన్న రూలుంది, నాకు భలే నచ్చుతుంది. మంత్రం వేయాలంటే ఎదుటివాణ్ణి కళ్ళారా చూడాలి. సీసీటీవీ తెరలో చూస్తే చెల్లదు. కళ్ళజోడు, బైనాక్యులర్ ఫరవాలేదు, ఎందుకంటే అద్దంలోంచి వెలుతురు నేరుగా వస్తుంది. మరి కంటి స్థానంలో యంత్రపు కన్ను పెట్టించుకుంటే? చెల్లుతుంది! దానికి ఎసెన్స్ చెల్లించావు కాబట్టి అది నీ ఒంట్లో భాగమైపోయింది. దీన్ని గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాను.

డ్రెస్డెన్ ఫైల్స్ ఆట 2010లో వచ్చింది, నవలల మీద కట్టిన ఆట. మన టాపిక్‌కి అసలు పెద్దమనిషి ఇదే. అందులో మాంత్రికుడు దగ్గరికొస్తే కొత్త వస్తువులు ముందు పాడవుతాయి, పాతవి కాస్త తట్టుకుంటాయి. అందుకే ఆ కథానాయకుడు పాత వోక్స్‌వ్యాగన్ బీటిల్ వేసుకుని తిరుగుతాడు, ఇంట్లో కొవ్వొత్తులు. కానీ ఆటలో గమ్మత్తంతా 'ఫేట్ పాయింట్' అనే టోకెను దగ్గరుంది. గేమ్ మాస్టర్ ఒక పాయింటు మీ ముందుకు జరిపి, 'నువ్వు మాంత్రికుడివి కదా, ఇప్పుడు ఈ లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఎలా ఉంటుంది?' అని అడుగుతాడు. ఒప్పుకుంటే పాయింటు మీది. తర్వాత ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడుకోవచ్చు. వద్దంటే మీరే ఒక పాయింటు ఎదురు కట్టాలి. అడిగి మరీ పాడు చేస్తాడన్నమాట, పైగా పరిహారం ఇచ్చి. మా ఊళ్ళో రోడ్డు వెడల్పు చేసినప్పుడు కూడా ఇంత మర్యాదగా అడగలేదు.

1993లో వచ్చిన మేజ్ ది అసెన్షన్ ఇంకా లోతుకు పోయింది. జనం దేన్ని నమ్మితే అదే లోకం అంటుంది. మామూలు మనుషుల కళ్ళెదుట పచ్చిగా మంత్రం వేస్తే లోకమే ఎదురు తిరిగి మాంత్రికుణ్ణి కొడుతుంది. దానికి 'పారడాక్స్' అని పేరు. ఇక టెక్నాలజీ అంటే ఏమిటయ్యా అంటే, అందరూ నమ్మేసిన మంత్రం అంటుంది. రాత్రి పదకొండింటికి ఈ ముక్క మీద వాదన మొదలైతే ఆట ఆగిపోతుంది. అనుభవంతో చెప్తున్నా.

గర్ప్స్ అనే ఆటలో మరో దారి. యంత్రాన్ని చెడగొట్టడం యాక్సిడెంటు కాదక్కడ, నేర్చుకుని వేయాల్సిన మంత్రం. శక్తి ఖర్చు పెట్టి, గురి చూసి వేయాలి. ఆ ఆటకే 1998లో 'టెక్నోమాన్సర్' అని ఒక పుస్తకం వచ్చింది. అందులో 1945 జూలై 16న న్యూమెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబు పేలినప్పుడు ఆ బాంబు పనికి పెద్దగా ఉన్న శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ గీతలో ముక్క పలుకుతాడు. మన విశ్వరూప సందర్శన యోగంలో 'కాలోఽస్మి లోకక్షయకృత్' ఉంది చూడండి, 32వ శ్లోకం, అది. దాంతో తెలియకుండానే ఒక క్షుద్ర కర్మ పూర్తయిపోయి లోకంలోకి మంత్రం దిగుతుంది. ఆ తర్వాత మంత్రాలకు ఫ్యాక్టరీలు, కంపెనీలు! గీతా శ్లోకాన్ని క్షుద్రం చేశారని మా బాబాయికి చెబితే ఒక రోజంతా మాట్లాడలేదు. అది వేరే కథ.

సరే, ఇవన్నీ చూశాక మా టేబుల్‌కి మేము ఏం చేసుకున్నాం? కాగితం, పెన్ను ఉంటే రాసుకోండి, చిన్నదే.

వస్తువులను నాలుగు మెట్లుగా పెట్టుకున్నాం. ఒకటో మెట్టు చేతి బలంతో నడిచేవి: సైకిలు, తాళంకప్ప, చేతిపంపు. రెండో మెట్టు మంటతో, స్ప్రింగుతో నడిచేవి: డీజిల్ ఇంజను, కీ ఇచ్చే గడియారం, తుపాకి. మూడోది కరెంటుతో నడిచేవి: మిక్సీ, ఫ్యాను, పాత ట్రాన్సిస్టర్ రేడియో. నాలుగోది చిప్ ఉన్నవి: ఫోను, ఏటీఎం, మెట్రో గేటు. మంత్రం వేసినవాడు మామూలు ఆరు ముఖాల పాచిక ఒకటి వేస్తాడు. మెట్టు అంకె కంటే తక్కువ పడితే ఆ మెట్టు వస్తువు మొరాయిస్తుంది. మూడు పడిందా? నాలుగో మెట్టు మాత్రమే పోతుంది. రెండు పడితే మూడూ నాలుగూ. ఒకటి పడితే డీజిల్ బండి కూడా ఆగుతుంది. సైకిలుకు ఎప్పుడూ భయం లేదు. గదిలో పది సామాన్లున్నా పాచిక ఒక్కటే. ఫోనుకు సగానికి సగం అపాయం, మిక్సీకి మూడింట ఒక వంతు, డీజిలుకు ఆరింట ఒకటి. లెక్క కుదిరింది కదా? నేను పడ్డ కష్టమంతా ఈ ఒక్క పాచికకు కుదించడానికే. మొదట్లో వస్తువు వస్తువుకీ పాచిక వేసేవాళ్ళం. ఒక్క దెబ్బలాట అయ్యేసరికి అన్నం చల్లారిపోయేది.

మొరాయించడమంటే మాడిపోవడం కాదు. మొదటిసారి గరగర, అదిగో ఈ మైకులాగా. రెండోసారి ఆగుతుంది, ఆపి మళ్ళీ వేస్తే వస్తుంది. మూడోసారి మాడుతుంది. అంటే ఎవరికీ నెత్తిన పిడుగు పడదు. రేడియో గరగరమనగానే 'ఒరేయ్, ఇక ఆపరా' అనే అవకాశం పక్కవాళ్ళకు దొరుకుతుంది. మాంత్రికుడికీ టెన్షన్, మిగతావాళ్ళకూ టెన్షన్. ఆటకు కావలసిందే అది.

ఇక బిల్లు సంగతి. పాచిక మాంత్రికుడి సొంత వస్తువుల మీద, ఎవరి పాత్రకీ చెందని వస్తువుల మీద నేరుగా పని చేస్తుంది. తోటి ఆటగాడి వస్తువైతే అతన్ని అడగాలి. ఒప్పుకుంటే మాంత్రికుడు తన దగ్గరున్న చింతగింజ ఒకటి ఆ మనిషికి ఇవ్వాలి. చింతగింజ ఉంటే ఏదో ఒక పాచిక మళ్ళీ వేసుకోవచ్చు. ఒక్కొక్కరికీ మొదట్లో మూడు ఇస్తాం. చింతగింజలే ఎందుకంటే, ప్లాస్టిక్ టోకెన్లు కొనాలంటే డబ్బులు, ఇవైతే మా అమ్మ డబ్బాలో ఊరికే ఉన్నాయి. ఒప్పుకోకపోతే? ఆ వస్తువు నిలబడుతుంది, మంత్రం సగం బలంతోనే పని చేస్తుంది. ఇప్పుడు చూడండి తమాషా. ఆ హ్యాకర్ అమ్మాయే, 'పాడు చెయ్ పాడు చెయ్, నాకు గింజ కావాలి' అని ల్యాప్‌టాప్ తెచ్చి మాంత్రికుడి ముందు పెట్టడం మొదలెట్టింది! మొన్నటిదాకా ఏడ్చిన మనిషే.

ఇంతవరకు బాగుంది. తర్వాత మా గుంపులో ఒకాయన, ఆటోమొబైల్ వర్క్‌షాపు నడుపుతాడు, ఒక ప్రశ్న వేశాడు. 'అసలు మంత్రానికి యంత్రం పడదని ఎవరన్నారు? మేం దసరాకి లేత్ మెషిన్‌కి బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టాకే స్విచ్ వేస్తాం. మీరేమో రెండూ శత్రువులంటారు' అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆలోచించండి, మన భాషలో 'యంత్రం' అంటే ఏమిటి? లేత్ మెషిన్ యంత్రమే. రాగిరేకు మీద గీతలు గీసి, బీజాక్షరాలు రాసి పూజగదిలో పెట్టుకునేదీ యంత్రమే. ఒకే మాట! రాకెట్ ఎగిరే ముందు ఇస్రో వాళ్ళు దాని నమూనాను తిరుమలకు తీసుకెళ్తారు, సూళ్ళూరుపేటలో చెంగాళమ్మకు మొక్కుతారు. మరి ఆ రూల్ పుస్తకాల్లోని తగువు మన ఇంటి తగువు కాదు. నేను దాన్ని అడ్రసు మార్చకుండా అలాగే హైదరాబాదుకు దింపేశాను.

అందుకని కొత్త రూలు చేర్చాం. బొట్టు పెట్టిన యంత్రం ఒక మెట్టు కిందికి లెక్క. ఫోను మిక్సీ అంత గట్టిదవుతుంది, మిక్సీ డీజిల్ ఇంజనంత. చెమటకో వానకో బొట్టు చెరిగిందా, మళ్ళీ మామూలే. చాలా అందమైన రూలు అనుకున్నాను. పై వారం చూస్తే కుర్రాళ్ళు కుంకుమ పొట్లాలు జేబులో వేసుకుని కనిపించిన ప్రతిదానికీ బొట్లు పెట్టేస్తున్నారు. సీసీ కెమెరాకి బొట్టు, లిఫ్టుకు బొట్టు, శత్రువుల తుపాకులు పేలకుండా ఉండాలి కాబట్టి వాటికి మాత్రం లేదు! మళ్ళీ ఆ వర్క్‌షాపు ఆయనే దారి చూపించాడు. 'ఆయుధ పూజ అంటే నీకు కూడు పెట్టే పనిముట్టుకు చేసేది. ఊళ్ళో సామాన్లకు కాదు' అన్నాడు. సరే, దాని మీద బతికే మనిషి పెట్టిన బొట్టే చెల్లుతుంది అని దిద్దాం. అప్పటినుంచి ఆటో డ్రైవరు ఆటో చచ్చినా ఆగదు. డెలివరీ కుర్రాడి ఫోను తట్టుకుంటుంది, అదే కంపెనీ మేనేజరు చేతిలో ఉన్న లక్ష రూపాయల ఫోను ముందే ఠప్ మంటుంది. మంత్రం వేయాల్సిన రాత్రుల్లో మా జట్టు ఎప్పుడూ ఆటోలోనే తిరుగుతుంది. ఒక ఆటోడ్రైవరు పాత్ర అలా పుట్టి, ఇప్పుడు అందరికంటే ముఖ్యమైనవాడై కూర్చున్నాడు.

ఒక్క రాత్రి గురించి చెప్పి ముగిస్తాను. కథలో ఆ హ్యాకర్ అమ్మాయి నాన్న ఆసుపత్రిలో, వెంటిలేటర్ మీద. ఆయనకు పట్టిన దయ్యాన్ని మంత్రం ఒక్కటే వదిలిస్తుంది. మంత్రం అక్కడ వేస్తే, సగానికి సగం, ఆ మిషన్లు మొరాయిస్తాయి. ఆయనవే కాదు, ఆ వార్డులో పడుకున్న అందరివీ. నేను పాచిక చేతిలో పట్టుకుని చూస్తున్నాను. మాంత్రికుడి ఆటగాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'నేను లోపలికి పోను. గేటు దగ్గర టీకొట్టులో కూర్చుంటా. వార్డులో నర్సమ్మను పిలవండి, ఆ మిషన్లు నడిపేది ఆమె. ఆమె బొట్టు పెడితే అప్పుడు చూద్దాం' అన్నాడు. పాచిక వేయనే లేదు. మిగతా రెండు గంటలూ నైట్ డ్యూటీలో అలిసిపోయిన ఒక నర్సును, ఎవరో పిచ్చివాళ్ళనుకుంటున్న నర్సును, వెంటిలేటర్‌కి కుంకుమ పెట్టమని ఒప్పించడంతోనే సరిపోయింది. నర్సు నేనే కదా, అంత తొందరగా ఒప్పుకోలేదు.

ప్రశ్నలు అడగొచ్చు. ఆ, చెప్పండి తమ్ముడూ. పేస్‌మేకర్ సంగతేమిటి అంటున్నారు. మంచి ప్రశ్న, మాకూ వచ్చింది. చిప్ ఉంది కాబట్టి నాలుగో మెట్టు. కానీ ఇందాక యంత్రపు కన్ను గురించి చెప్పాను, గుర్తుందా? ఒంట్లో కలిసిపోయింది ఒంట్లోదే, వస్తువు కింద లెక్క కాదు. ఆ లెక్కన పాడవకూడదు. నేనూ అదే తీర్పు చెప్పబోయాను. అప్పుడు టేబుల్ చివర కూర్చున్న ఒకావిడ, ఎప్పుడూ పెద్దగా మాట్లాడదు, 'మా నాన్నకు పోయిన నెలే వేశారు. పాడవుతుందా లేదా అన్న మాటే ఇక్కడ వద్దు' అంది. నేను నోట్‌బుక్‌లో ఆ లైను కొట్టేశాను. ఆవిడకు టీ పోసి ఇచ్చాం, ఆట ఎక్కడ ఆపామో అక్కడినుంచి మొదలెట్టాం. ఇంకెవరైనా? అటువైపు చెయ్యెత్తిన అక్కగారికి మైకు ఇవ్వండి, పని చేస్తే.